తెల్ల కాగితం వేస్తే నా కోపం ఎవరికైనా తెలుస్తుందా?

వాగవతలి పిలగాడు

అన్నలూ అక్కలూ, ఒక విషయం అడగాలి. దయచేసి "నోటా ఉంది కదా, వేసుకో" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

మాది మర్రిగూడ దిక్కు ఒక చిన్న ఊరు. ఊరికీ బడికీ మధ్యల వాగు ఉంటది. గట్టి వాన పడితే పిల్లలు అవతలి ఒడ్డునే ఆగిపోతారు, పెద్దలు ఇవతల నిలబడి కేకలేస్తుంటారు. మా అక్కకు నొప్పులొచ్చిన రాత్రి ట్రాక్టర్ మీద కూర్చోబెట్టి, ఇద్దరం చెరో దిక్కు పట్టుకుని దాటించినం. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నేను జన్మలో మరువను. వంతెన వేస్తామని కొబ్బరికాయ రెండుసార్లు కొట్టిండ్రు, ఒక శిలాఫలకం కూడా ఉంది, దాని మీద ఇప్పుడు గడ్డి మొలిచింది.

మొన్న సర్పంచ్ ఎన్నికల్లో నిలబడ్డ ఇద్దరూ ఓటుకింత అని పంచిండ్రు. ఇద్దరిలో ఒక్కరు కూడా వాగు మాట ఎత్తలేదు. నేను ఇద్దరికీ వేయొద్దనుకున్నా, కానీ ఇంట్లో బలవంతం మీద ఒకరికి వేసి వచ్చినా, ఆ బాధ ఇంకా పోలేదు. ఇప్పుడు ఎంపీటీసీ, అంటే మండల పరిషత్ మెంబర్ ఎన్నికల మాట నడుస్తోంది. అమెరికాలో ఉన్న మా బావ చెప్పిండు, అక్కడ బ్యాలెట్ మీద లేని మనిషి పేరు కూడా మనమే రాసి ఓటు వేయొచ్చట. మా ఊళ్ళో ఒక రిటైరైన టీచరమ్మ ఉంది, పదేళ్ళుగా ఆ వంతెన కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నది ఆమె ఒక్కతే, కానీ పోటీ చేయనంటది. మేము అరవై మంది దాకా పిలగాళ్ళం ఉన్నాం. అందరం పేపర్ మీద ఆమె పేరు రాసి పెట్టెలో వేస్తే ఏమైతది? లేదంటే "వంతెన వేయండి" అని రాస్తే? ఏ ముద్రా వేయకుండా ఖాళీ పేపర్ వేస్తే? అరవై ఓట్లు ఒక్కసారే అట్ల వస్తే ఎవరో ఒకరు పట్టించుకోరా?

లెక్కల సార్

తమ్మీ, నేను సర్కారు బడి టీచర్‌ని, ఎన్నికల డ్యూటీలు చాలా చేసిన. పంచాయతీ ఎన్నికల కౌంటింగ్ బల్ల మీద నీ పేపర్‌కు ఏమవుతుందో నా కళ్ళతో చూసింది చెప్తా, తర్వాత నీ ఇష్టం.

పోలింగ్ పొద్దున ఏడుకు మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోతది, రెండింటి నుంచి లెక్కింపు. ముందు సర్పంచ్ గులాబీ పేపర్లు, వార్డు మెంబర్ తెల్ల పేపర్లు వేరు చేసి, ఇరవై అయిదు ఒక కట్టగా కడతాం. ఆ తర్వాత గుర్తు గుర్తుకు విడగొడతాం. ముద్ర లేని పేపర్, ఇద్దరి మీద ముద్ర ఉన్న పేపర్, ఏదన్నా రాసి ఉన్న పేపర్ అన్నీ ఒక పక్కకు పోతాయి. అక్కడ ఆఫీసర్ ఒక్కొక్కటీ చూసి చెల్లదు అని నిర్ధారించి ముద్ర వేస్తారు. ఖాళీ పేపర్‌కు వేరే లెక్క, రాసిన పేపర్‌కు వేరే లెక్క అంటూ ఉండవు. ముద్ర వేయడం రాక ఇద్దరి మీద ఒత్తిన ముసలమ్మ పేపర్, మీ అరవై మంది కోపంతో వేసిన పేపర్లు ఒకే కట్టలో, ఒకే దారంతో కట్టి, ఒకే కవర్‌లో పెట్టి సీల్ వేస్తాం. బయటికి వచ్చే కాగితం మీద "చెల్లనివి" అని ఒక అంకె ఉంటది. ఎందుకు చెల్లలేదో ఆ కాగితం మీద ఉండదు.

ఇంకొకటి, పేరు రాయొద్దు, నినాదం కూడా రాయొద్దు. ఓటరును గుర్తుపట్టే వీలున్న ఏ రాత ఉన్నా, ఏ గుర్తు ఉన్నా ఆ ఓటు రద్దు చేయాలన్నది పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల రూల్సులోనే ఉంది. అది ఊరికే పెట్టింది కాదు. డబ్బు ఇచ్చినవాడు "పేపర్ మీద ఫలానా అక్షరం రాసి వెయ్, నా ఏజెంట్ చూస్తడు" అని చెప్పి, ఓటు తనకే పడ్డదో లేదో తేల్చుకునే వీలు లేకుండా పెట్టిన రూలు.

మన నల్లగొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీ తెలుసు కదా. 2021లో 71 మంది నిలబడితే బ్యాలెట్ పేపర్ టేబుల్ క్లాత్ లెక్క తయారైంది. అక్కడ వాళ్ళిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే మన ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి, 1 తప్పకుండా ఉండాలి. డిగ్రీలు చదివినవాళ్ళు టిక్కులు పెట్టి, సంతకాలు పెట్టి, నిరుద్యోగం గురించి పేపర్ నిండా రాసి వేలల్లో ఓట్లు పాడు చేసుకున్నారు. అందులో కొంతమంది నిజంగా కడుపు మండి రాసిన మాటలు ఉంటాయి, నాకు తెలుసు. కానీ వాటిని చదివింది ఆ బల్ల దగ్గర కూర్చున్న మేము నలుగురమే. చదివి బాధపడి పక్కన పెట్టినం.

డాలస్‌లో నల్లగొండ బిడ్డ

మీ బావ చెప్పింది సగం నిజం తమ్ముడూ. నేను ఇక్కడ సిటిజన్ అయినంక మూడుసార్లు ఓటు వేసిన. బ్యాలెట్‌లో చివర ఒక ఖాళీ గీత ఉంటది, అక్కడ పేరు రాయొచ్చు. కానీ నేనుండే టెక్సస్‌లో, రాత ద్వారా ఓట్లు కావాలనుకునే మనిషి కూడా ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ లిస్టులో లేని పేరు రాస్తే దాన్ని లెక్కబెట్టరు. నేను మొదటిసారి మా నాన్న పేరు రాయాలనుకుని, ఈ సంగతి తెలిసి ఆగిపోయిన. లూసియానా, హవాయి లాంటి కొన్ని రాష్ట్రాల్లో అసలు ఆ గీతే ఉండదు.

అట్లని రాత ఓటుతో ఎవరూ గెలవలేదని కాదు. 2010లో అలాస్కాలో లీసా ముర్కౌస్కీ సొంత పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడిపోయి, తర్వాత జనం చేత తన పేరు రాయించుకుని సెనేట్‌కు గెలిచింది. లక్ష మందికి పైగా ఆ కష్టమైన పేరు చేత్తో రాసిండ్రు. స్పెల్లింగ్ తప్పు రాసిన ఓట్లు చెల్లుతాయా లేదా అని కోర్టుల దాకా పోయింది. కానీ చూడండి, అది ఊరికే కోపంతో రాసిన రాత కాదు, ఆమె నిలబడింది, ప్రచారం చేసింది, డబ్బు ఖర్చు పెట్టింది. మీ టీచరమ్మ నేను నిలబడను అంటున్నప్పుడు ఆ దారి అమెరికాలో కూడా పెద్దగా పనికి రాదు.

మన నోటా లాంటిది నెవాడా రాష్ట్రంలో 1970ల నుంచే ఉంది, "ఈ అభ్యర్థులలో ఎవరూ కాదు" అని. 2014లో డెమోక్రాట్ల గవర్నర్ ప్రైమరీలో దానికే అందరికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి, అయినా రెండో స్థానంలో ఉన్న మనిషికే టికెట్ ఇచ్చిండ్రు. పవర్ ఉన్న ఖాళీ ఓటు అంటే కొలంబియాది. అక్కడ ఖాళీ ఓట్లు సగం దాటితే ఆ ఎన్నిక మళ్ళీ పెట్టాలి, పాత అభ్యర్థులు మళ్ళీ నిలబడటానికి లేదు.

తొంభై ఆరు పెద్దాయన

బిడ్డా, మీరంతా అలాస్కా దాకా పోయిండ్రు. మన జిల్లాలో జరిగింది ఒకసారి విను.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డం. అవును, నాలుగు వందల ఎనభై. అందులో నేనొకణ్ణి. అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. మా అమ్మకు నలభై ఐదు దాటకముందే నడుము వంగిపోయింది, మోకాళ్ళు ముడుచుకుపోయినయి, ఆమె తల ఎత్తి నా మొఖం చూడాలంటే నేను కింద కూర్చోవాల్సి వచ్చేది. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ అంత ఉండేది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే తాగొద్దంటారు, మేము దానికి ఎన్నో రెట్లున్న నీళ్ళు పుట్టినప్పటి నుంచి తాగినం. పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అని మా జిల్లా పేరే పెట్టింది, మా ఇండ్లకు మాత్రం మంచినీళ్ళు రాలేదు.

అర్జీలు పెట్టినం, ధర్నాలు చేసినం. చివరికి నీళ్ళ కోసం కొట్లాడే జలసాధన సమితి వాళ్ళు, దుశ్చర్ల సత్యనారాయణ గారు, ఊరూరు తిరిగి ఈ మాట చెప్పిండ్రు: ఓటు వేయకపోతే ఎవనికీ తెలవదు, మనమే వందలమంది నిలబడదాం, ఎన్నిక ఎట్ల పెడతరో చూద్దాం. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 250. మా ఊళ్ళో చందా వేసుకుని నాది కట్టిండ్రు. ఒకామె రెండు రూపాయలిచ్చింది, నాకు ఇంకా యాది.

ఏమైంది? ఎన్నిక చెప్పిన తేదీకి పెట్టలేకపోయిండ్రు, వాయిదా పడ్డది. అన్ని పేర్లకు బ్యాలెట్ ఎట్ల అచ్చు వేయాలి, ఏ పెట్టెలో పడుతది, ఇంతమందికి గుర్తులు ఎక్కడి నుంచి తేవాలి అని ఢిల్లీ దాకా పంచాయితీ. అప్పటిదాకా మా ఊరికి తొవ్వ కూడా తెలియని పేపర్లవాళ్ళు వచ్చి మా అమ్మ ఫోటో తీసిండ్రు. కమ్యూనిస్టు పార్టీ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచిండ్రు. దాదాపు మా అందరి డిపాజిట్లూ పోయినయి. మాకు బాధ లేదు, మేము గెలవడానికి నిలబడలే.

ఆ ఏడాదే బెళగావిలో కర్ణాటక-మహారాష్ట్ర సరిహద్దు గొడవ మీద 456 మంది, తమిళనాడులో మొదకురిచ్చి అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డరు. మా కష్టం తీర్చడానికి ఏండ్లు పట్టింది గానీ, మా తొవ్వ మూయడానికి ఎక్కువ రోజులు పట్టలే. అదే ఏడు ఆగస్టు నుంచి చట్టం మార్చిండ్రు, లోక్‌సభ డిపాజిట్ 500 ఉన్నది 10,000 అయింది, ఇండిపెండెంట్‌కు పదిమంది ప్రతిపాదించాలని పెట్టిండ్రు, పెద్ద పార్టీవాళ్ళకు మాత్రం ఒక్కరు చాలు. ఇప్పుడు 25,000. మా అసువంటి కూలోళ్ళు మళ్ళా అట్ల నిలబడే వీలు లేకుండా చేసినట్టే కదా బిడ్డా. అది నాకు ఇప్పటికీ కోపం.

నీళ్ళ సంగతి కూడా చెప్తా. కృష్ణ నీళ్ళు పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌కు తెచ్చిండ్రు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పైపులు పోయినయి. మా ఊళ్ళకు తాగే నీళ్ళు మెల్లగ వచ్చినయి, అవి 480 మంది వల్లనే అని నేను అనను, కానీ ఫ్లోరైడ్ అన్న మాట పార్లమెంటుకు తెలిసింది మా వల్ల. మా జిల్లాకు కృష్ణ నీళ్ళు తెచ్చే శ్రీశైలం సొరంగం 2005ల మొదలుపెట్టింది ఇంకా పూర్తి కాలే, 2025 ఫిబ్రవరిలో పైకప్పు కూలి లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయిండ్రు. మా అమ్మ ఆ నీళ్ళు తాగకుండానే పోయింది.

నా మాట ఒకటే. నువ్వు ఖాళీ కాగితం వేస్తే అది నీకు తెలుస్తది, దేవునికి తెలుస్తది. నీ పేరు బ్యాలెట్ మీద ఉంటే కలెక్టర్‌కు తెలుస్తది.

పాలమూరు అక్క

పెద్దనాన్నా, చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగినయి. మీ 480 మందిని చూసే 2019లో నిజామాబాద్ రైతులు ఆ పని చేసిండ్రు. పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు ధర కావాలి అని 170 మందికి పైగా రైతులు ఒక్కొక్కరు డిపాజిట్ 25,000 కట్టి నిలబడ్డరు, మొత్తం 185 మంది అభ్యర్థులు. మళ్ళీ పేపర్ బ్యాలెట్ వస్తదనుకున్నారు గానీ ఎన్నికల సంఘం కొత్త రకం ఈవీఎంలు తెచ్చి ఒక్కో బూత్‌లో పేర్లు, బటన్లు ఉండే యూనిట్లు పన్నెండు వరుసగా పెట్టింది. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయిండ్రు, బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన అభ్యర్థి గెలిచిండ్రు. ఆ బోర్డు ప్రకటన చివరికి 2023 అక్టోబర్ 1న మా మహబూబ్‌నగర్ సభలోనే ప్రధాని నోటి నుంచి వచ్చింది, మొదలైంది 2025 సంక్రాంతికి. ఆరేండ్లు పట్టినా వచ్చింది.

కానీ తమ్ముడూ, నాకు ఒక భయం ఉంది, అది కూడా చెప్పాలి. మా ఊళ్ళో ఒకసారి అందరం కలిసి ఓటు బహిష్కరించినం, రోడ్డు కోసం. పొద్దున పది గంటల దాకా ఒక్క ఓటు పడలేదు, అప్పుడు తహసీల్దార్, ఎంపీడీవో, పోలీసులు అందరూ వచ్చిండ్రు, మాట ఇచ్చిండ్రు, కాగితం రాసిస్తామన్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి మాలోనే సగం మంది లైన్లో నిలబడ్డరు. తర్వాత ఆ కాగితం కోసం పోతే ఆ సార్లు బదిలీ అయిపోయిండ్రు. అరవై మంది అంటున్నావు, పోలింగ్ రోజు పొద్దున అరవై మందిమి ఉంటామా అని నీ దోస్తులను ఒక్కొక్కరిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు. పైసలు పంచే రాత్రి దాటినా నిలబడతరా అన్నదే ముఖ్యం.

నోటాను అంత తీసిపారేయకండి. 2013 సెప్టెంబర్ 27 సుప్రీంకోర్టు తీర్పుకు ముందు, ఎవరికీ వేయను అంటే 49-ఓ రూల్ కింద పోలింగ్ ఆఫీసర్ ముందు అందరూ వింటుండగా చెప్పి రాయించుకోవాల్సి వచ్చేది, ఊళ్ళో అట్ల చెప్పి బతకగలమా? ఇప్పుడు రహస్యంగా చెప్పొచ్చు, అది "చెల్లనివి" కట్టలో కలవదు, దాని అంకె దానికి వేరుగా వస్తది. 2024లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్నాక 2,18,674 మంది నోటా నొక్కితే దేశమంతా మాట్లాడుకుంది.

లెక్కల సార్

అక్క చెప్పింది నిజమే, అంకె వేరుగా వస్తది. కానీ ఇండోర్‌లో కూడా ఉన్న అభ్యర్థే గెలిచిండు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో నోటాకు ఎన్ని వచ్చినా దాని తర్వాతి మనిషి గెలిచినట్టే. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి కదా, ఆ లెక్కలో కూడా నోటాను కలపరు. అంటే నోటా వేసి ఎవరి డిపాజిట్టూ పోగొట్టలేం. మహారాష్ట్ర, హర్యానాలో మాత్రం 2018 నుంచి స్థానిక ఎన్నికల్లో నోటాకు అందరికన్నా ఎక్కువ వస్తే మళ్ళీ ఎన్నిక పెట్టాలని రాష్ట్ర ఎన్నికల సంఘాలు ఆర్డర్ ఇచ్చినయి. మన దగ్గర కూడా అది రావాలని నేను మనసారా కోరుకుంటున్నా.

పెద్దాయనా, మీకు దండం. ఒక్క విషయం చెప్పనివ్వండి. ఈవీఎంకు ఇప్పుడు 24 యూనిట్ల దాకా తగిలించొచ్చు, నోటాతో కలిపి 384 పేర్లు. మీ 480 మంది ఈరోజు నిలబడినా మళ్ళీ పేపర్ అచ్చు వేయాల్సిందే. 2022 మునుగోడు ఉప ఎన్నికలో 47 మంది ఉంటేనే మూడు యూనిట్లు పెట్టాల్సి వచ్చింది.

తమ్మీ, చిన్న ఎన్నికల్లో ఇంకో సంగతి కూడా ఆలోచించు. ఒక ఊళ్ళో గెలిచినవాడికీ ఓడినవాడికీ తేడా పది ఓట్లు కూడా లేదు, చెల్లని ఓట్లు దానికి మూడింతలు ఉండె. ఓడిన మనిషి ఆ కట్ట ముందు కూర్చుని ఏడ్చిండు. ఊళ్ళో తేడా అంత తక్కువ ఉండే చోట మీ అరవై చెల్లని ఓట్లకు విలువ సున్నా, చెల్లే ఓట్లయితే ఎన్నికనే తిప్పేస్తయి. రెండు పార్టీలవాళ్ళూ ఆ లెక్క మీకన్నా ముందే వేసుకుంటారు.

వాగవతలి పిలగాడు

అందరికీ పేరు పేరునా దండాలు. రాత్రి మూడుసార్లు చదివిన. పెద్దనాన్న రాసింది మా దోస్తులకు వినిపిస్తే కొద్దిసేపు ఎవరూ మాట్లాడలే. 1996 సంగతి మాలో ఒక్కనికి కూడా తెలియదు, మా తాతలు నిలబడ్డరో లేదో కూడా మేము ఎన్నడూ అడగలే.

ఖాళీ పేపర్ మాట వదిలేసినం. టీచరమ్మ దగ్గరికి మళ్ళీ పోయినం, ఆమె "నాకు ఆ రాజకీయం వద్దు, ఆరోగ్యం కూడా బాగలేదు, మీలోనే ఒకరు నిలబడండి, అర్జీల ఫైల్ మొత్తం నేనిస్తా" అన్నది. పదేళ్ళ కాగితాలు, ఒక్కోదానికి రసీదు. ఇప్పుడు మాలో ఎవరు అన్నది పెద్ద చర్చ. ఇంట్లో ఒప్పుకోవడం లేదు, మా నాన్న అయితే రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సార్, ఎంపీటీసీకి డిపాజిట్ ఎంత? వందలమందిమి నిలబడే శక్తి మాకు లేదు, ఒక్కరం నిలబడితే సరిపోతదా?

లెక్కల సార్

ఎంపీటీసీకి 2,500, ఎస్సీ ఎస్టీ బీసీలకు అందులో సగం. నోటిఫికేషన్ వచ్చినంక రేటు ఒకసారి మళ్ళీ చూసుకోండి. ముందు మీ స్థానం ఏ రిజర్వేషన్ వచ్చిందో చూడండి, దాన్ని బట్టి ఎవరు అన్నది సగం తేలిపోతది. నామినేషన్ కాగితాల్లో గడులు ఖాళీగా వదిలితే స్క్రూటినీలో, అంటే కాగితాల పరిశీలనలో, తీసేసే ప్రమాదం ఉంటది, ఇండిపెండెంట్లవి ఎక్కువ అక్కడే పోతాయి. నింపే రోజు ఫోన్ చేయి, నేను వస్తా. డ్యూటీ పడితే రాలేను, అప్పుడు ముందు రోజే వచ్చి చూసిపెడతా.

తొంభై ఆరు పెద్దాయన

ఒక్కరు చాలు బిడ్డా, ఊరు వెనుక ఉంటే. డిపాజిట్‌కు నా పేరు మీద వంద రాసుకోండి. మీ ఊరు ఏదో వ్యక్తిగతంగా పంపు, మా మనవడు బండి మీద తీసుకొస్తడు, నామినేషన్ రోజు మీతో పాటు మండలాఫీసు దాకా వస్తా. మీ నాన్నతో కూడా నేను మాట్లాడతా.